రబ్బరు ముట్టని మాస్టారు

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం, జూన్ నెల పన్నెండో తేదీన, చేతిలో నియామక పత్రం, చంకలో అట్ట, జేబులో చెక్కిన పెన్సిళ్లతో బొమ్మల మాస్టారు గారు మన పట్టణ రికార్డుల కార్యాలయంలోని చిత్ర విభాగంలో ఉద్యోగంలో చేరారు. పది గంటలకు చేరవలసింది, పదిన్నరకు చేరారు. ఆలస్యం ఆయనది కాదు, తాళంచెవిది. ఆ అరగంటా ఆయన ఊరికే నిలబడకుండా, తాళం వేసి ఉన్న తలుపునూ, దాని ముందు ఎండకు చేతులు అడ్డం పెట్టుకున్న సిబ్బందినీ, కాస్త దూరంలో తాపీగా నడిచి వస్తున్న అప్పటి అటెండరు గారినీ బొమ్మ గీసి, కింద వేళ కూడా వేశారు. కార్యాలయ చరిత్రలో ఉన్నది ఉన్నట్టుగా తయారైన మొట్టమొదటి హాజరు పట్టీ అదే.

అంతకు ముందు జరిగిన ఇంటర్వ్యూను కూడా ఈ సందర్భంలో స్మరించుకోవడం సముచితం. ఎంపిక సంఘంలో ముగ్గురు పెద్దలు. "ఏదీ, మమ్మల్నే గీయి చూద్దాం" అన్నారు. ఆయన గీశారు. చూసినదే గీసే అలవాటు కనుక, ముగ్గురిలో ఒక పెద్దమనిషి నిద్రపోతున్నట్టు వచ్చింది. మిగిలిన ఇద్దరూ బొమ్మ చూసి పరమానందంతో సంతకాలు చేశారు. మూడో పెద్దమనిషిని లేపి సంతకం చేయించారు.

కూల్చబోతున్న కట్టడాన్నీ, మూతపడబోతున్న కార్ఖానానూ, రూపు మారబోతున్న వీధినీ ముందుగా వెళ్లి గీసి భద్రపరచడం మన చిత్ర విభాగం కర్తవ్యం. "ఫొటోలు ఉండగా బొమ్మలెందుకయ్యా?" అని కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ అడిగారు. ప్రతి అధికారికీ మాస్టారు గారు ఒకటే జవాబు చెప్పారు.

"ఫొటో అంటే ఒక్క క్షణం పని సార్. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. బొమ్మకి పూటంతా కూర్చోవాలి. అంతసేపు ఎవరు బిగబడతారు?"

ఈ జవాబు విన్న అధికారులందరూ ముందు ఊపిరి వదిలి, ఆ తరువాత చిత్ర విభాగాన్ని కొనసాగించారు.

మాస్టారు గారి పనితీరులో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఆయన రబ్బరు ముట్టకపోవడం. "చూసి గీస్తే చెరపాల్సిన పనుండదు. చూడకుండా గీస్తే చెరిపినా లాభం ఉండదు" అనేవారు. అయినా నిబంధనల ప్రకారం చిత్రకారునికి ఏటా ఒక డజను రబ్బర్లు మంజూరు కావలసిందే. మంజూరైనదాన్ని వద్దంటే వచ్చే ఏడు పెన్సిళ్లకు కోత పడుతుందని అప్పటి హెడ్ గుమాస్తా గారు రహస్యంగా హెచ్చరించడంతో, ఆయన వాటిని భక్తిగా పుచ్చుకుని టైపిస్టు అక్కయ్య గారి చేతిలో పెట్టేవారు. అక్కయ్య గారి పిల్లలిద్దరూ ఆ రబ్బర్లతోనే విద్యావంతులయ్యారు. లెక్కల్లో ఇద్దరూ ధారాళంగా తప్పులు చేసేవారు కాబట్టి ఒక్క రబ్బరూ వృథా పోలేదు.

చేరిన కొన్నేళ్లకే ఊరికి వరద వచ్చింది. జనమంతా సామాను మేడ మీదకు ఎక్కిస్తుంటే మాస్టారు గారు అట్టతో సహా తామే మేడెక్కారు. ఏ గోడ మీద నీరు ఎంతవరకు వచ్చిందో, ఏ మెట్టు మీద ఏ కుటుంబం దేన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుందో, టీవీ పెట్టెకు గొడుగు పట్టి తాము తడుస్తున్న వాళ్లెవరో, అన్నీ గీశారు. తరువాతి రోజుల్లో "మా ఇంట్లో నడుం లోతు నీళ్లండీ" అని చెప్పుకుంటున్నవారంతా ఆ బొమ్మ చూశాక మర్యాదగా మోకాలి దగ్గరకు దిగారు. ఒక్క పెద్దమనిషి మాత్రం బొమ్మ చూశాక కూడా నడుం దగ్గరే నిలబడ్డారు. ఆయన బాగా పొట్టి కావడంతో మాస్టారు గారు కూడా ఆ మాట ఒప్పుకున్నారు.

నూలు మిల్లు మూతపడినప్పుడు, యంత్రాలను గీసుకురమ్మని ఆయనను పంపారు. ఆయన గీసి తెచ్చారు. "యంత్రాలు గీయమంటే మనుషుల్ని గీశారేమిటి? ఆర్డర్లో మనుషులు లేరే" అని అప్పటి అధికారి ఆక్షేపించారు. "యంత్రం ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన కొలతకి మనిషి ఉండాలి కదండీ" అని మాస్టారు గారు వినయంగా మనవి చేశారు. అధికారి సంతృప్తి చెంది ఆమోదముద్ర వేశారు. ఆ బొమ్మలో కొలత కోసం ఆఖరి షిఫ్టు మొత్తం నిలబడి ఉంది.

రోడ్డు వెడల్పు చేసిన కాలంలో జరిగిన ఒక ముచ్చటను మాస్టారు గారు ఇంట్లో చెబితే ఆయన శ్రీమతి గారు మనకు చెప్పారు. పోబోతున్న ఒక ఇంటి ఎదురుగా ఆయన ముక్కాలిపీట వేసుకుని కూర్చోగానే లోపలి నుంచి ఇల్లాలు పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఇప్పుడేనా! ఉండండి బాబూ, దండెం మీద బట్టలు తీసేస్తా."

"ఉండనివ్వండమ్మా."

"ఉండనివ్వడమేంటండీ? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"బట్టలు ఉతుక్కుంటారనుకుంటారు."

ఈలోగా ఇంటాయన ఒక కాగితపు చుట్ట విప్పుకుంటూ వచ్చాడు. "సార్, పైన ఇంకో అంతస్తు వేద్దామనుకున్నాం. ఇదిగో ప్లాను. అది కూడా గీసేద్దురూ. మీ సొమ్మేం పోయింది, పెన్సిలే కదా."

"కట్టాక కబురు పెట్టండి, వచ్చి గీస్తాను."

"వచ్చే నెల కూల్చేస్తున్నారు కదండీ!"

"అయితే ప్లాను మీద ఇంక శ్రమపడకండి."

ఆ ఇల్లాలు మాట వినకుండా బట్టలన్నీ లాక్కుని లోపల పడేసింది. దండెం చివర ఆవిడ అత్తగారి చీర ఒకటి మాత్రం, ఇంకా తడిగా ఉండి, మిగిలిపోయింది. చాలా ఏళ్ల తరువాత ఆ దంపతులు మన కార్యాలయానికి వచ్చి తమ ఇంటి బొమ్మ చూపించమన్నారు. మాస్టారు గారే తీసి బల్ల మీద పరిచారు. ఆవిడ గుమ్మం చూడలేదు, కిటికీలు చూడలేదు. దండెం చివర వేలు పెట్టి, "అత్తయ్య చీర" అంది. కట్టని అంతస్తు ఊసు ఇంటాయన కూడా ఎత్తలేదు. వెళుతూ వెళుతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "మిగతా బట్టలు కూడా ఉండనివ్వాల్సిందండీ" అని చెప్పి వెళ్లింది.

ఇక మనందరమూ ఏళ్ల తరబడి కొలువున్న కార్యాలయ భవనం గురించి నాలుగు మాటలు. అది రాతితో కట్టిన రెండంతస్తుల దిట్టమైన భవనం. ఒక పక్క వీధి, ఒక పక్క మురుగు కాలువ. మన బల్లల మీద పెన్సిలు పెడితే దొర్లి కాలువ వైపు పడిపోయేది. బల్లలు చేసిన వడ్రంగిని నాలుగు తిట్టి, అంచుకు చెక్క బద్దలు వేయించుకున్నాం. సూపరింటెండెంటు గారి చక్రాలున్న ఆఫీసు కుర్చీ మధ్యాహ్నానికల్లా దానంతట అదే కాలువ వైపు కిటికీ దగ్గరకు చేరేది. వారికి గాలి అంటే ఇష్టమని అర్థం చేసుకున్నాం. అటెండరు నేల తుడిస్తే నీళ్లు బయటకు పోకుండా సూపరింటెండెంటు గారి గదిలోకి పోయేవి. అతనికి తుడవడం రాదని తేల్చాం. హెడ్ గుమాస్తా గారి సొరుగు మూసినా మళ్లీ తెరుచుకునేది. పక్క సీటాయన తాము లేనప్పుడు సొరుగు వెతుకుతున్నారని గ్రహించిన హెడ్ గుమాస్తా గారు, వారితో మాటలు మానేశారు. సర్దుకుపోవడం మనకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య. మన కార్యాలయం ఆ విద్యలో పట్టభద్రుల సంఘం.

చిత్ర విభాగంలో ఒక సంప్రదాయం ఉంది. పదవీ విరమణ చేసే చిత్రకారుడు తన ఆఖరి బొమ్మగా మన కార్యాలయ భవనాన్నే గీసి వరండాలో తగిలించి వెళ్లాలి. ఊళ్లో పోబోతున్నవాటినన్నిటినీ గీసిన చేయి, చివరికి ఎక్కడికీ పోని ఒకదాన్ని గీసి విశ్రమించాలని పూర్వులు పెట్టిన ఏర్పాటు. మాస్టారు గారి గురువు గారు గీసిన బొమ్మ ఆ గోడ మీదే ఉంది. అందులో భవనం కవాతులో సిపాయిలా నిటారుగా ఉంటుంది.

ఈ ఏడాది మొదట్లో మాస్టారు గారు ఎదురుగా ఉన్న సైకిలు షాపు నీడలో ముక్కాలిపీట వేసుకుని తమ ఆఖరి బొమ్మ మొదలుపెట్టారు. ఒక్కో రాయీ, ఒక్కో కిటికీ, కిటికీ దగ్గర కుర్చీలో సూపరింటెండెంటు గారు, వీధిలో సైకిలు తొక్కుకుంటూ పోతున్న మనిషి, అన్నీ వచ్చాయి. పూర్తయిన బొమ్మను బల్ల మీద పెట్టినప్పుడు అందరమూ చుట్టూ చేరాం. 

బొమ్మలో మన భవనం కాలువ వైపు ఒరిగి ఉంది.

మధ్యతరగతి మర్యాద అంటే ఏమిటో ఆ పూట చూడవలసింది. "షేడింగ్ అద్భుతం మాస్టారూ" అన్నారు సూపరింటెండెంటు గారు. "రంగు కూడా బాగా కుదిరింది" అన్నారు హెడ్ గుమాస్తా గారు, అది పెన్సిలు బొమ్మ అయినప్పటికీ. "మా మరిది కళ్ల డాక్టరేనండీ, ఊరికే చెబుతున్నా" అన్నారు అక్కయ్య గారు. అటెండరు ఒక్కడే తల పక్కకు వంచి కాసేపు చూసి, "మన ఆఫీసు పక్కింటోళ్ల మాటలు వింటున్నట్టుంది సార్" అన్నాడు. అందరమూ అతన్ని కళ్లతోనే కసురుకున్నాం.

అప్పటికి మాస్టారు గారు ఏమీ గమనించలేదు. గమనించింది ఆయన పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ సంచిక కోసం అచ్చు నమూనా వచ్చాక. ఆయన మనసు కష్టపెట్టకూడదని సంచిక సంఘం ప్రెస్సువాళ్లకు చెప్పి, భవనం నిటారుగా కనబడేటట్టు బొమ్మను కాస్త తిప్పించింది. దాంతో భవనం నిలబడింది గానీ వీధి లేచింది. సైకిలు మనిషి కొండ ఎక్కుతున్నాడు. మాస్టారు గారు ఆ సైకిలు వంక చాలాసేపు చూశారు. తరువాత వరండాలోకి వెళ్లి, గురువు గారి బొమ్మ ముందు తమ బొమ్మ పట్టుకుని నిలబడ్డారు. ఆయన భుజాలు కిందకు దిగడం మేము లోపలి నుంచి చూశాం.

మర్నాడు మళ్లీ సైకిలు షాపు నీడలో కూర్చుని ఇంకో బొమ్మ గీశారు. ఈసారి పంటి బిగువున గీశారు. భవనం సరిగ్గా అంతే ఒరిగి వచ్చింది.

ఆయన లేచి, లోపలికి వచ్చి, అక్కయ్య గారి బల్ల దగ్గర ఆగి మెల్లగా అడిగారు.

"అక్కయ్యా, ఒక రబ్బరు ఉంటే ఇస్తారా?"

 అక్కయ్య గారు సొరుగంతా వెతికారు. ఇన్నేళ్లుగా డజన్ల కొద్దీ ఇంటికి చేరిన రబ్బర్లలో ఆఫీసులో ఒక్కటీ లేదు. చివరికి సంచిలోంచి మనవడి రబ్బరు తీసి ఇచ్చారు. అది చేప ఆకారంలో ఉంది. మామిడిపండు వాసన వేస్తోంది. మాస్టారు గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు. చెరపలేదు. జేబులో వేసుకుని, సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి వెళ్లిపోయారు.

ఆయన బాధ ఒక్క బొమ్మ చెడినందుకు కాదని ఇక్కడ చెప్పక తప్పదు. పదవీ విరమణ తరువాత తామున్న వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా, తలుపు తలుపునూ గీయాలని ఆయన ఎన్నో ఏళ్లుగా దాచుకున్న కోరిక. ఉద్యోగమంతా ఎవరో పంపిన చోటుకల్లా వెళ్లి పోయేవాటినే గీశారు. పోనిదాన్ని, ఎవరూ పంపకుండా, తమకోసం తాము ఒక్కసారి గీసుకోవాలనుకున్నారు. ఆ కోరిక నెరవేరేందుకు కావలసిన ఆస్తి ఆయనకు ఒకటే, కుడి చేయి. అది పోయిందనుకున్నారు.

ఇంట్లో ఈ సంగతి బయటపడింది చెక్కుపొట్టు వల్ల. రోజూ ఉదయం టీ తాగి, పాత పేపరు పరుచుకుని, బ్లేడుతో పెన్సిళ్లు చెక్కడం ఆయన నిత్యకృత్యం. ఆ పొట్టు ఊడుస్తూ సణగడం శ్రీమతి గారి నిత్యకృత్యం. వరసగా కొన్నాళ్లు సణగడానికి ఏమీ దొరక్కపోవడంతో ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఏమండీ, పొట్టు లేదేంటి?"

"ఏం పొట్టు?"

"పెన్సిలు పొట్టు. ఒంట్లో బాగాలేదా?"

మాస్టారు గారు కిటికీలోకి చూస్తూ అన్నారు. "చేయి పోయింది."

ఆవిడ చీపురు పక్కన పెట్టి, ఆయన చేయి పట్టుకుని చూసింది. "ఎక్కడికి పోయింది, ఇక్కడే ఉందిగా. వణుకుతోందా?"

"లేదు."

"నొప్పా?"

"లేదు. గీత ఒరిగిపోతోంది. ఆఫీసు గీస్తే ఒరిగింది. మళ్లీ గీస్తే మళ్లీ ఒరిగింది. అందరికీ కనబడింది. ఎవరూ చెప్పలేదు. షేడింగ్ బాగుందన్నారు." ఇంత చెప్పేసరికి ఆయన గొంతు కూడా ఒరిగింది.

 ఆవిడ అట్ట తెచ్చి ఆయన ఒళ్లో పడేసి, తాను వెళ్లి వంటింటి తలుపు పక్కన నిలబడింది. "గీయండి."

"ఇప్పుడా?"

"పొయ్యి మీద పాలున్నాయి. త్వరగా."

ఆయన గీశారు. ఆవిడ వచ్చి బొమ్మ అందుకుని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. తలుపు నిటారుగా, గడప చదునుగా ఉన్నాయి.

"నేనింత లావుగా ఉన్నానా?"

మాస్టారు గారు పెన్సిలు మొన చూసుకున్నారు.

"ఉన్నాను లెండి," అంది ఆవిడే. "మీ చేయి బాగానే ఉంది."

"మరి ఆఫీసు..."

"ఇంటి తలుపు నిటారుగా వచ్చింది. ఆఫీసే ఒరిగి వచ్చిందంటే చేతిదా తప్పు, ఆఫీసుదా?"

"అదేం మాటే! రాతి భవనం. మా గురువుగారి బొమ్మలో చూడు, గీత గీసినట్టు ఎంత నిటారుగా ఉంటుందో."

"మన పెళ్లిఫొటోలో నేనూ సన్నగానే ఉన్నా."

ఇది కాదనలేని వాదన.  ఆవిడ కుట్టుమిషను దారం రీలూ, బీరువా తాళంకప్పా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు ఏం చేస్తారో మీకు నేను చెప్పాలా? వెళ్లి మేడ మీద నుంచి వేలాడదీయండి. తాళం గోడకి ఆనుకుని ఉంటే నాలుగు రోజులు ఏడుద్దురు గాని. పాలు పొంగుతున్నాయి, నేను పోతున్నా."

సెలవు పెట్టిన ఉద్యోగి సెలవు రోజున కార్యాలయానికి రావడం మన చరిత్రలో అదే ప్రథమం. ఎవరితోనూ మాట్లాడకుండా మేడెక్కి, కాలువ వైపు మూల దగ్గర బోర్లా పడుకుని, తాళం కట్టిన దారాన్ని గోడ వెంట కిందకు వదిలారు. కింద అటెండరును నిలబెట్టారు.

"ఊగడం ఆగిందా?" అని పైనుంచి కేక వేశారు.

"ఆగింది సార్!"

"గోడకి తగులుతోందా?"

"తగలడమేంటి సార్! మధ్యలో జానెడు సందుంది!"

"సరిగ్గా చూడు!"

"జాన పెట్టే చూశా సార్! నా జాన పెద్దది కూడానూ!"

 పైనుంచి ఒక పెద్ద "హమ్మయ్య" వినబడింది. ఆ వెనకే నవ్వు. మాస్టారు గారు అలా నవ్వగా మేమెవ్వరమూ అంతకు ముందు వినలేదు. ఏమైందోనని సూపరింటెండెంటు గారు మెట్లెక్కి పరుగున వెళ్లేసరికి ఆయన మేడ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కుడి చేతిని ముఖం ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు.

"ఏమైంది మాస్టారూ?"

"శుభవార్త సార్. మన బిల్డింగు ఒరిగింది."

"ఒరిగిందా! శుభవార్తేంటయ్యా!"

"నా చేయి బాగుంది సార్!"

సూపరింటెండెంటు గారు ముందు కింద నేల వంకా, తరువాత ఆయన చేతి వంకా చూశారు. "సంతోషం. చాలా సంతోషం. ఆ చేయి ఇటివ్వండి, కిందకి దిగుదాం." ఇద్దరూ కాలువ వైపు బరువు పడకుండా రెండో పక్క గోడను రాసుకుంటూ మెట్లు దిగారు.

ఆ మధ్యాహ్నమే ఇంజనీరు గారు వచ్చి కొలిచారు. ఏళ్ల తరబడి కాలువ నీరు ఊరడంతో ఒకవైపు పునాది కింద మట్టి కొట్టుకుపోయిందనీ, ఇప్పుడే తెలియడం మంచిదైందనీ, ఆనింపు గోడ కట్టి బాగుచేయవచ్చనీ, అంతవరకు మాత్రం లోపల ఎవరూ ఉండరాదనీ చెప్పారు. చెప్పి, "ఇన్నేళ్లుగా లోపల మీకెవరికీ ఏ తేడా కనబడలేదా?" అని మామూలుగా అడిగారు.

వీధిలో నిలబడి ఉన్న కార్యాలయం మొత్తం ఒక్కసారిగా నోరు విప్పింది. పెన్సిళ్లన్నారు, సొరుగులన్నారు, సాసర్లో ఒక పక్కకే చేరే టీ అన్నారు. "నాకు తల తిరుగుతోందనుకుని రెండేళ్లుగా మందులు మింగుతున్నానండీ!" అన్నారు అక్కయ్య గారు, పోగొట్టుకున్న ఆరోగ్యం తిరిగి దొరికినట్టు. అటెండరు ముందుకు వచ్చి ఇంజనీరు గారిని సూటిగా అడిగాడు.

"సార్, నీళ్లు పల్లానికి పోతాయా, ఎత్తుకి పోతాయా?"

"పల్లానికే కదయ్యా."

"ఆ మాట మా సూపరింటెండెంటు గారికి వినబడేలా ఇంకోసారి చెప్పండి సార్."

ఇంజనీరు గారు చెప్పారు. సూపరింటెండెంటు గారు విన్నారు. తుడవడం రానివాడన్న నింద అతని నెత్తి మీద నుంచి అక్కడికక్కడే దిగిపోయింది. హెడ్ గుమాస్తా గారు చాలాసేపు తమ బూట్లు చూసుకుని, ఆఖరికి పక్క సీటాయన దగ్గరకు వెళ్లి, "టీ తాగుదామా?" అన్నారు. "నా సొరుగు కూడా తెరుచుకుంటూనే ఉంది," అన్నారు పక్క సీటాయన. "మీరే అనుకున్నాను." ఇద్దరూ కలిసి వెళ్లారు. భవనం ఒరిగిందన్న వార్తతో ఇంతమంది మనసులు కుదుటపడిన సందర్భం మరొకటి ఉండదు. ఎవరికి వారు తమలోనే ఏదో లోపం ఉందని మోసుకు తిరిగిన బరువంతా ఆ పూట కాలువలో కలిసింది.

మర్నాటి నుంచి కార్యాలయాన్ని మూతబడి ఉన్న ఒక బడి గదుల్లోకి మార్చాం. అన్నిటికన్నా ముందు మాస్టారు గారి బొమ్మలు, చేతి నుంచి చేతికి అందుకుంటూ, బయటకు వచ్చాయి. వరదా, మిల్లూ, అత్తయ్య చీరా అన్నీ క్షేమం. కొత్త గదుల్లో నేల చదునుగా ఉంది. బల్ల మీద పెట్టిన పెన్సిలు పెట్టినచోటే ఉంటుంది. అలవాటు తప్పడం వల్ల సిబ్బందిలో కొందరికి ఇది కాస్త ఇబ్బందిగానే ఉంది. అక్కయ్య గారు ఇప్పటికీ పెన్సిలు పెట్టి, పడుతుందేమోనని కింద చేయి పడతారు.

సంచిక సంఘం తిప్పించిన బొమ్మను మళ్లీ తిప్పించింది. ఈ పుస్తకం వెనక అట్ట మీద మీరు చూస్తున్నది మాస్టారు గారు గీసినది గీసినట్టే. వీధి చదునుగా ఉంది, సైకిలు మనిషికి ఆయాసం లేదు, భవనం మాత్రం ఒరిగి ఉంది. అసలు బొమ్మకు ఫ్రేము కట్టించి, సంప్రదాయం ప్రకారం, వెంట తెచ్చుకున్న గురువు గారి బొమ్మ పక్కనే, బడి వరండాలో తగిలించాం. రోజూ ఉదయం అటెండరు ఆ ఫ్రేమును నిటారుగా పెడతాడు. మధ్యాహ్నానికల్లా మనలో ఎవరో ఒకరు అటుగా పోతూ చేయి చాపి భవనాన్ని నిటారుగా పెడతారు. ఫ్రేము వంకరవుతుంది. సాయంత్రం మాస్టారు గారు ఇంటికి పోతూ ఫ్రేమును మళ్లీ సరిచేసి, ఎవరినీ ఏమీ అనకుండా వెళతారు. రేపటి నుంచి ఈ పని ఎవరు చేస్తారో ఇంకా తేలలేదు. అటెండరు సాయంత్రం దాకా తానే ఉండి సరిచేస్తానంటున్నాడు.

అక్కయ్య గారి మనవడి చేప రబ్బరు వాడకుండానే తిరిగి వచ్చింది. మామిడిపండు వాసన కూడా అలాగే ఉంది.

మాస్టారు గారు తమ వీధిలో మొదటి తలుపు ఇప్పటికే గీశారని తెలిసింది. కబురు వీధంతా పాకడంతో ఇరుగుపొరుగు గేట్లకు రంగులు వేయించుకుంటున్నారు, బకెట్లు లోపల దాచుకుంటున్నారు. మూడో ఇంటాయన కొనబోతున్న కారును గుమ్మంలో గీయమని అడిగి, కొన్నాక కబురు పెట్టమనే జవాబు పొందారు. బట్టలు మాత్రం దండెం మీద ఉండనివ్వమని మాస్టారు గారి శ్రీమతి గారే ఇల్లిల్లూ తిరిగి చెప్పి వస్తున్నారట.

ఒరిగిన కప్పు కింద నుంచి ఒంటి మీద గీత పడకుండా బయటపడిన మన సిబ్బంది అందరి పక్షాన, మనకన్నా ఎక్కువగా ఆయన చేతిని నమ్మిన శ్రీమతి గారికి కృతజ్ఞతాంజలి ఘటిస్తున్నాం. బొమ్మల మాస్టారు గారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, చెదరని చూపుతో, తొణకని చేతితో చిరకాలం వర్ధిల్లాలనీ, ఇంటి నిండా పెన్సిలు పొట్టు రాలుస్తూ, అది ఊడుస్తూ సణిగే ఆవిడ ఎదురుగా ఉండగా, వీధి ఆ చివరి తలుపు దాకా, నిటారుగా ఉన్నదాన్ని నిటారుగానూ ఒరిగినదాన్ని ఒరిగినట్టుగానూ గీస్తూ నిండు నూరేళ్లు నిలవాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఆయన మన ఇంటి ముందు ముక్కాలిపీట వేసుకున్న రోజున, ఊపిరి బిగబట్టకుండా నిలబడతామని మాట ఇస్తున్నాం.